ఆ సోమవారం ఉదయం మార్కెట్లో ఎవరున్నారు?

2009 మే 16, శనివారం. లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు రోజు. యూపీఏ మళ్లీ రావచ్చని అనుకున్నవాళ్లు ఉన్నారు గానీ, వామపక్షాల మద్దతు అక్కర్లేకుండా ప్రభుత్వం ఏర్పాటు చేసేంత బలం వస్తుందని మార్కెట్ ఊహించలేదు. శనివారం కాబట్టి షేర్ మార్కెట్‌కు సెలవు. సోమవారం ఉదయం 9.55కి, అప్పట్లో మార్కెట్ తెరిచే సమయం అదే, ట్రేడింగ్ మొదలైంది. సెకన్లలో సెన్సెక్స్ పది శాతం దాటి ఎగబాకి అప్పర్ సర్క్యూట్ తాకింది, అంటే ట్రేడింగ్ ఆపేయాల్సిన పై హద్దు. రెండు గంటలు ఆపేశారు. మళ్లీ తెరిచారు. మళ్లీ సెకన్లలోనే సర్క్యూట్. ఈసారి ఆ రోజుకంతా మూసేశారు. శుక్రవారం 12,173 దగ్గర ముగిసిన సెన్సెక్స్ సోమవారం 14,284 దగ్గర ఆగింది. 2,110 పాయింట్లు, అంటే 17 శాతం పైనే.

ఆ రోజు కొందామని స్క్రీన్ ముందు కూర్చున్నవాడికి కొనే వీలే చిక్కలేదు. అమ్మేవాళ్లు ఉంటే కదా కొనేది! లాభమంతా శుక్రవారం సాయంత్రానికే షేర్లు చేతిలో ఉన్నవాళ్లకు పోయింది.

ఇంతకీ శుక్రవారం సాయంత్రానికి బయట ఉన్నవాళ్లు ఎవరు? తెలివితక్కువవాళ్లు కాదు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 పైన ఉంది. 2009 మార్చి 9న 8,160. పద్నాలుగు నెలల్లో వందలో అరవై పోయాయి. మధ్యలో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది, జనవరిలో హైదరాబాద్‌లో సత్యం బండారం బయటపడింది. ఈ పరిస్థితిలో "ముందు బయటికి వచ్చేద్దాం, అంతా సర్దుకున్నాక చూద్దాం" అనుకోవడం చాలా మామూలు ఆలోచన. సమస్యంతా ఆ "సర్దుకున్నాక" అన్న మాటలోనే ఉంది.

2008 చివరికి సెన్సెక్స్ 9,647. 2009 చివరికి 17,465. ఏడాదిలో 81 శాతం. అందులోంచి మే 18 ఒక్క రోజును తీసేస్తే మిగిలేది 54 శాతం చిల్లర. ట్రేడింగ్ జరిగింది లెక్కపెట్టి కొన్ని సెకన్లు, పోయింది ఏడాది లాభంలో మూడో వంతు. 2008 డిసెంబరులో అమ్ముకుని, 2009 డిసెంబరులో ధైర్యం తెచ్చుకుని మళ్లీ కొన్నవాడికి అదే డబ్బుతో వచ్చినవి ముందున్న షేర్లలో 55 శాతమే. మిగిలిన 45 శాతం అతను ఆ ఏడాది మనశ్శాంతికి కట్టిన అద్దె అనుకోవాలి.

మార్కెట్ టైమింగ్ మీద, అంటే పడేముందు అమ్మి పెరిగేముందు కొనాలన్న ఆలోచన మీద, వాదన ఎప్పుడు వచ్చినా "మంచి రోజులు మిస్ అవుతారు" అనే మాట వినిపిస్తుంది. దానికి "చెడ్డ రోజులు కూడా తప్పించుకుంటాం కదా" అన్నది సిద్ధంగా ఉండే జవాబు. కాగితం మీద అది సరైన జవాబే. చెడ్డ రోజులన్నీ ఒక నెలలో, మంచి రోజులన్నీ ఇంకో నెలలో వస్తే టైమింగ్ చేసేవాళ్లంతా ఈపాటికి కోటీశ్వరులు. కానీ భారీగా పెరిగే రోజులు భారీగా పడే రోజుల పక్కనే ఉంటాయి. భయం ఎక్కువైనప్పుడు రెండు వైపులా ఊపు పెరుగుతుంది. 2020 మార్చి 13న సెన్సెక్స్ పొద్దున్నే లోయర్ సర్క్యూట్ తాకి, సాయంత్రానికి 1,325 పాయింట్ల లాభంతో ముగిసింది. ఒకే రోజులో ఐదు వేల పాయింట్ల ఊగిసలాట. పది రోజుల తర్వాత, మార్చి 23న, 3,935 పాయింట్లు పడి 25,981కి చేరింది. ఒక్కరోజులో 13 శాతం. మర్నాడు రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. ఏప్రిల్ 7న సెన్సెక్స్ దాదాపు 9 శాతం పెరిగింది.

ఏప్రిల్ 7 నాటికి బయట ఏముంది? రైళ్లు లేవు, బస్సులు లేవు. వలస కూలీలు హైవేల మీద నడుస్తున్నారు. కరోనా కేసులు రోజురోజుకూ పెరుగుతున్నాయి, తగ్గే సూచనే లేదు. వార్తలు చూసి నిర్ణయం తీసుకునే మనిషి ఆ రోజు షేర్లు కొనడు. ఆ ఏడాది చివరికి సెన్సెక్స్ 47,751. మార్చి 23 నుంచి లెక్కేస్తే 80 శాతం పైగా పెరిగినట్టు. ఇవాళ్టి వార్తకు మార్కెట్ నిన్ననో మొన్ననో స్పందించేసి ఉంటుంది. మనం పేపర్ చదివేసరికి అది ఆరు నెలల తర్వాతి సంగతి చూస్తూ ఉంటుంది. దాని అంచనా చాలాసార్లు తప్పుతుంది కూడా. అయినా టీవీ ముందు కూర్చున్నవాడు దానికంటే వెనకే ఉంటాడు.

ఈమధ్య ఉదాహరణ కావాలంటే 2024 జూన్. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న సెన్సెక్స్ 76,469కి ఎగిరింది. 4న అసలు ఫలితాలు వచ్చాయి, బీజేపీకి సొంతంగా మెజారిటీ రాలేదు, సూచీ 4,390 పాయింట్లు కూలి 72,079కి పడింది. చంద్రబాబు, నితీశ్ ఎటు ఉంటారన్న చర్చ టీవీల్లో పూర్తికాకముందే, 7వ తేదీ శుక్రవారానికి సెన్సెక్స్ 76,693. మంగళవారం భయంతో అమ్మినవాడికి శుక్రవారం ఏం చేయాలో తోచదు. మంగళవారం అమ్మిన ధరకు శుక్రవారం ఎవరూ ఇవ్వరు. ఎక్కువ పెట్టి కొనాలంటే మనసొప్పదు. "మళ్లీ 72 వేలకు వస్తే తీసుకుందాం" అని ఆగుతాడు.

ఇక్కడ అసలు చిక్కు బయటపడుతుంది. టైమింగ్ అంటే ఒక నిర్ణయం కాదు, రెండు. ఎప్పుడు అమ్మాలి, మళ్లీ ఎప్పుడు కొనాలి. పదిసార్లకు ఏడుసార్లు సరిగ్గా చెప్పగలిగిన మేధావి ఉన్నాడనుకుందాం. అలాంటివాళ్లు అరుదు, అయినా అనుకుందాం. రెండు నిర్ణయాలూ సరిగ్గా రావడానికి అవకాశం ఏడు ఏళ్ల నలభై తొమ్మిది, అంటే వందకు 49. ఆ మేధావి కూడా బొమ్మాబొరుసు దగ్గరికే వచ్చి ఆగాడు. పైగా ఈ రెండింటిలో కొనడమే కష్టం. అమ్మేటప్పుడు భయం తోడుంటుంది, చకచకా పని అయిపోతుంది. కొనేటప్పుడు అదే భయం అడ్డం నిలబడుతుంది. "ఇంకా పడుతుందిలే" అన్న మాట పడుతున్నప్పుడూ నిజంలాగే ఉంటుంది, పెరుగుతున్నప్పుడూ నిజంలాగే ఉంటుంది.

మన దగ్గర టైమింగ్ ఆలోచన షేర్లతో వచ్చింది కాదు. గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు ఇది పాత సంగతి. సీజన్లో రేటు నచ్చకపోతే టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీకి తోలి, ధర వచ్చేదాకా ఆగడం. "ఏసీలో పెట్టాం" అంటారు. కొన్నేళ్లు అది కలిసొస్తుంది. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన రకాలు ఉన్నాయి. అది చూసి ఆగినవాళ్లకు, ఎక్కువ ఎకరాలు వేసినవాళ్లకు 2025 ఆరంభంలో చుక్కలు కనిపించాయి. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించాల్సి వచ్చింది. మిర్చి రైతుకు టైమింగ్ తప్పదు. ఎందుకంటే గిడ్డంగిలో ఉన్న టిక్కీ పిల్లలు పెట్టదు. అద్దె పెరుగుతుంది, తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంది, కాయ రంగు తగ్గుతుంది. సరుకు ఎంత బాగున్నా దాని లాభమంతా ఒక్క అమ్మే రోజు మీదే ఆధారపడి ఉంటుంది.

షేరును కూడా చాలామంది ఇదే కళ్లతో చూస్తారు. తక్కువకు కొని ఎక్కువకు అమ్మే సరుకులాగా. షేరు సరుకు కాదు, వ్యాపారంలో వాటా. మనం పడుకున్నప్పుడు కూడా ఆ కంపెనీ సబ్బులు అమ్ముతుంది, మాత్రలు చేస్తుంది, బ్యాంకైతే వడ్డీ వసూలు చేస్తుంది. వచ్చిన లాభంలో కొంత డివిడెండుగా ఇస్తుంది, మిగిలింది మళ్లీ వ్యాపారంలో పెడుతుంది. అందుకే ఆగడం ఇక్కడ అద్దె తినదు, ఎదురు ఇస్తుంది. లాంగ్ టర్మ్ పనిచేసేది ఓర్పు గొప్ప గుణం కాబట్టి కాదు. ఇరవై ఏళ్లలో దేశంలోని పెద్ద కంపెనీల లాభాలు మొత్తంగా పెరుగుతాయి కాబట్టి. లాభాలు పెరగని కంపెనీ షేరును ముప్పై ఏళ్లు దాచినా అది ఏసీలో మర్చిపోయిన టిక్కీయే.

ఖర్చుల సంగతి జనం తక్కువగా మాట్లాడతారు, నిజానికి లెక్క తేలేది అక్కడే. ప్రతి డెలివరీ కొనుగోలు మీద, అమ్మకం మీద 0.1 శాతం ఎస్‌టీటీ, అంటే షేర్ల లావాదేవీ పన్ను. పైన స్టాంపు డ్యూటీ, ఎక్స్ఛేంజ్ చార్జీలు, వాటి మీద జీఎస్‌టీ. ఇవి చిల్లరే అనుకున్నా, పన్ను చిల్లర కాదు. 2024 జులై 23 నుంచి ఏడాది లోపు అమ్మిన షేర్ల లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షల పైన ఉన్న లాభం మీద 12.5 శాతం. ఇద్దరు మనుషులు పది లక్షల చొప్పున పెట్టారనుకోండి. ఇద్దరికీ ఏడాదికి 12 శాతమే వస్తోంది. ఒకతను కదిలించకుండా పదిహేనేళ్లు ఉంచి చివర్లో అమ్మాడు, పన్ను కట్టగా 49 లక్షల పైన మిగిలింది. రెండో అతను ఏడాది నిండకముందే అమ్మి, పన్ను కట్టి, మళ్లీ కొంటూ పోయాడు. అతనికి పెరిగేది 9.6 శాతమే, చివరికి మిగిలేది 39.5 లక్షలు. సెస్సు, బ్రోకరేజీ కలపలేదు. రెండో అతను ఒక్క నష్టం కూడా చేయలేదు, ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. పది లక్షలు ఊరికే పోయాయి. ఆ తేడా పూడ్చుకోవాలంటే అతను ప్రతి ఏడాదీ మొదటివాడికంటే రెండు శాతం తెలివైనవాడై ఉండాలి.

ఇక ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, ధర ఎటు పోతుందన్న దాని మీద గడువు పెట్టి కట్టే పందేలు. దాన్ని టైమింగ్ అనడం కూడా మర్యాదే. వారం వారం వచ్చే ఎక్స్‌పైరీకి, అంటే ఆ గడువు ముగిసే రోజుకి, లాట్లు కొని రెండు గంటల్లో డబ్బు రెట్టింపు చేయాలన్న ఆటకు పెట్టుబడి అన్న పేరు తగిలించడం వల్ల మొత్తం చర్చ గందరగోళమైంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు నూటికి ఒక్కరు. ఈ డబ్బు గాలిలో కలిసిపోలేదు, అవతల గెలిచినవాళ్లు ఉన్నారు. సొంత డబ్బుతో ట్రేడ్ చేసే బ్రోకింగ్ సంస్థలు, విదేశీ ఫండ్లు. వాళ్ల లాభంలో అత్యధిక భాగం అల్గారిథమ్‌లతో వచ్చింది. ఫోన్లో టెలిగ్రామ్ టిప్ చూసి బటన్ నొక్కేవాడు తలపడుతున్నది కంప్యూటర్లతో. వరుసగా రెండేళ్లు నష్టపోయాక కూడా నాలుగింట మూడు వంతుల మంది మానలేదని అదే నివేదిక చెప్పింది. నష్టం కంటే ఇదే ఎక్కువ ఆందోళన కలిగించే అంకె.

ఎఫ్ అండ్ ఓ జోలికి పోకుండా రోజువారీ షేర్లు కొని అమ్మేవాళ్ల మీద కూడా సెబీ లెక్కలున్నాయి. 2022-23లో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేయడం, చేసిన పదిమందిలో ఏడుగురికి నష్టమే. ఏడాదికి 500 కంటే ఎక్కువ ట్రేడ్లు చేసినవాళ్లలో అది పదికి ఎనిమిది. సాధన చేసేకొద్దీ చెయ్యి తిరుగుతుందని వంటకూ వయొలిన్‌కూ అనుకుంటాం. ఇక్కడ సాధన పెరిగేకొద్దీ నష్టపోయేవాళ్ల శాతం పెరిగింది.

ఇంతవరకు చదివితే లాంగ్ టర్మ్ వాదులకు ఉత్సాహం వస్తుంది. కానీ ఆ వైపు చెప్పే మాటల్లోనూ దాచేవి చాలా ఉన్నాయి. "ఎప్పుడు కొన్నా ఫర్వాలేదు, ఆగితే చాలు" అన్నది అందులో మొదటిది. 1992 ఏప్రిల్‌లో, బ్రోకర్ హర్షద్ మెహతా ఊపు మీద ఉన్నప్పుడు, సెన్సెక్స్ 4,467కి చేరింది. పదకొండేళ్ల తర్వాత, 2003 ఏప్రిల్‌లో, 2,924. పదకొండేళ్లు ఆగినవాడికి అసలులోనే మూడో వంతు పోయింది. ఆ పదేళ్లలో బ్యాంకు ఎఫ్‌డీలు చాలాకాలం రెండంకెల వడ్డీ ఇచ్చాయి. అతని ముందు ఓర్పు గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ధైర్యం కావాలి. జపాన్‌ది ఇంకా ఘోరం. నిక్కీ సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్పై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నవాడు రిటైరయ్యే దాకా నష్టంలోనే ఉన్నట్టు. లాంగ్ టర్మ్ అంటే ఎంత అన్న ప్రశ్నకు "పది పదిహేనేళ్లు" అని చెప్పేసేవాళ్లు ఈ రెండు ఉదాహరణలకూ జవాబు చెప్పాలి.

జవాబు లేకపోలేదు. రెండు చోట్లా జనం కొన్న ధర కంపెనీల లాభాలకు అందనంత ఎత్తులో ఉంది. ఒకేసారి, పెద్ద మొత్తం, శిఖరం మీద పెట్టినవాడి లెక్క అది. మామూలు జీతగాడి డబ్బు అలా రాదు. నెలనెలా వస్తుంది, కొద్దికొద్దిగా మిగులుతుంది. కాబట్టి లెక్క కూడా అలాగే వేయాలి.

1991 నుంచి ప్రతి డిసెంబరు చివర లక్ష రూపాయలు సెన్సెక్స్‌లో పెట్టారనుకుందాం. అప్పటికి మన దగ్గర ఇండెక్స్ ఫండ్లే (సూచీలోని షేర్లన్నీ అదే పాళ్లలో కొనే ఫండ్లు) లేవు కాబట్టి ఇది ఒట్టి కాగితం లెక్క, డివిడెండ్లు కలపలేదు. 2002 చివరికి పదకొండు లక్షలు పెట్టి ఉంటారు. దాని విలువ ఎంత? 11.7 లక్షలు. పదకొండేళ్ల పొదుపు మీద డెబ్బై వేలు. ఇంట్లో ఎవరైనా "పోస్టాఫీసులో వేసుకున్నా ఇంతకంటే వచ్చేది" అని ఉంటే కాదనడానికి లేదు. ఆ డిసెంబరులో విసుగెత్తి మానేసినవాళ్లను తప్పుపట్టలేం. మానకుండా ఇంకో లక్ష వేసినవాడికి 2003 చివరికి, పన్నెండు లక్షల మీద, దాదాపు 22 లక్షలు. పదకొండేళ్లు ఏమీ ఇవ్వని మార్కెట్ పన్నెండో ఏడు ఒక్కసారిగా ఇచ్చేసింది. 2002 డిసెంబరులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. గల్ఫ్‌లో యుద్ధం వస్తుందన్న భయం, దేశంలో కరువు. 2003 కలిసొస్తుందని చెప్పే సూచన ఒక్కటీ పైకి కనిపించలేదు.

ఇదే లెక్క 2007 డిసెంబరు నుంచి వేసి చూడొచ్చు. పతనానికి ముందు, శిఖరం అంచున మొదలుపెట్టినట్టు. 2023 దాకా పదిహేడు వాయిదాలు, పదిహేడు లక్షలు. 2024 చివరికి సెన్సెక్స్ 78,139 దగ్గర దాని విలువ 53 లక్షల పైచిలుకు. మొదటి లక్ష, అంటే అన్నిటికంటే దురదృష్టపు లక్ష, 3.85 లక్షలైంది. ఏడాదికి ఎనిమిది శాతం చిల్లర. ఎఫ్‌డీ కంటే గొప్పదేం కాదు. 2008 డిసెంబరులో వేసిన లక్ష మాత్రం 8.1 లక్షలైంది. మొత్తం వరుసలో ఎక్కువ పండింది అదే, ఎవరికీ వేయబుద్ధి కాని లక్ష కూడా అదే. ఆ ఒక్క వాయిదాను "పరిస్థితి చూసి" ఏడాది ఆపి 2009లో వేసినవాడికి ఆ లక్ష మీద వచ్చింది 4.5 లక్షలు. ఒక్క ఏడాది ఆగిన ఖరీదు మూడున్నర లక్షలు దాటింది.

సిప్, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేసే పద్ధతిలో పెద్ద ఆర్థిక రహస్యం ఏమీ లేదు. ఐదో తేదీకి డబ్బు దానంతట అదే ఖాతాలోంచి పోతుంది, మనల్ని అడగదు. అంతే దాని గొప్ప. 2024 అక్టోబరులో నెలవారీ సిప్ మొత్తం తొలిసారి 25 వేల కోట్లు దాటింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇదే పనిని 401కె అనే రిటైర్మెంట్ ఖాతా పేరుతో ఏళ్లుగా చేస్తున్నారు, చాలామంది చేస్తున్నామని గుర్తు కూడా లేకుండా. "షేర్లా, మనకొద్దు బాబూ" అనే ప్రైవేటు ఉద్యోగి డబ్బు కూడా 2015 ఆగస్టు నుంచి ఈపీఎఫ్‌ఓ ద్వారా కొద్దిగా మార్కెట్లోనే ఉంది. అది తెలియకపోవడం వల్లే అతనికి టెన్షన్ లేదు. ప్లాట్లు కొన్నవాళ్లదీ ఇదే తీరు. అమరావతి చుట్టుపక్కల 2015లో కొన్నవాళ్లు 2019 తర్వాత పడిన ధరలు చూశారు, 2024 జూన్ తర్వాత లేచిన ధరలూ చూశారు. మధ్యలో అమ్మకుండా ఉన్నది ఓర్పు ఉండి కాదు, కొనేవాడు దొరక్క. అదే ప్లాటు రేటు ఫోన్లో నిమిషనిమిషానికీ ఎర్రగా మెరుస్తూ, పక్కన అమ్మే బటన్ ఉంటే ఎంతమంది ఉంచుకునేవాళ్లో చెప్పడం కష్టం.

రెండో దాపరికం, ఏ షేరైనా పట్టుకుని కూర్చుంటే చాలన్న మాట. దీనికి తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం ఉదాహరణ అక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉన్న కంపెనీ. హైదరాబాద్‌లో ఎంతోమంది ఉద్యోగులు, వాళ్ల బంధువులు నమ్మకంతో దాచుకున్న షేరు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికి వచ్చింది. ముందు రోజు 179 రూపాయల షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గర ఉంది. మన ఊరి కంపెనీ అన్న అభిమానంతో లాంగ్ టర్మ్ పట్టుకున్నవాళ్లకు ఆ అభిమానమే ముంచింది. సూచీ మాత్రం ఆ నెలలోనే సత్యంను తీసేసి ఇంకో కంపెనీని పెట్టుకుని ముందుకు పోయింది. సెన్సెక్స్ 1986లో మొదలైనప్పుడు అందులో హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్, బాంబే డయింగ్ ఉన్నాయి. మొదటి రెండూ అంబాసిడర్, పద్మిని కార్ల కంపెనీలన్నమాట. సెన్సెక్స్ ఇన్నేళ్లు పెరిగిందని చెప్పేటప్పుడు అది ఓడినవాళ్లను బయటికి పంపుతూ, గెలిచేవాళ్లను లోపలికి తెచ్చుకుంటూ పెరిగిందని కూడా చెప్పాలి. ఇండెక్స్ ఫండ్ పెట్టుకున్నవాడికి ఆ పని ఎవరో చేసిపెడతారు. విడి షేర్లు పెట్టుకున్నవాడు తనే చేసుకోవాలి. ఫోన్లో యాప్ తీసి చూడకుండా ఉండటం మంచి అలవాటే, కంపెనీ ఏం చేస్తోందో చూడకుండా ఉండటం మాత్రం బద్ధకం.

ధర చూసి కొనడం టైమింగ్ కాదు, విలువ చూడటం అని కొందరు అంటారు. అందులో నిజం ఉంది. 2008 జనవరిలో నిఫ్టీ పీఈ, అంటే షేర్ల ధర కంపెనీల ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె, 27 దాటింది, అది అతి అని అప్పుడే చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ కొలబద్దనే పట్టుకుని కూర్చున్నవాడికి 2021 ఫిబ్రవరిలో తల తిరిగింది. నిఫ్టీ పీఈ 40 దాటింది. చరిత్రలో ఎన్నడూ లేనంత. సూత్రం ప్రకారం అంతా అమ్మేయాలి. కానీ అప్పుడు పీఈ పెరగడానికి సగం కారణం కరోనా ఏడాది లాభాలు పడిపోవడం. ఆ తర్వాత నెలన్నరకే నిఫ్టీని నడిపే ఎక్స్ఛేంజ్ ఎన్ఎస్ఈ లెక్కగట్టే పద్ధతి మార్చి, అనుబంధ సంస్థల లాభాలను కూడా కలపడం మొదలుపెట్టింది, పీఈ రాత్రికి రాత్రి 33కి దిగింది. 15 వేల దగ్గర అమ్మి పక్కన కూర్చున్నవాడు 2024 సెప్టెంబరులో నిఫ్టీ 26 వేలు దాటడం పక్కనుంచే చూశాడు. పీఈ పనికిరాదని కాదు. వచ్చే పదేళ్లలో ఎంత ఆశించాలో చెప్పడానికి పనికొస్తుంది. వచ్చే మార్చిలో ఏం చేయాలో చెప్పడానికి పనికిరాదు. ఖరీదైన మార్కెట్ ఇంకా ఖరీదవడానికి ఎవరి అనుమతీ అడగదు.

అయితే టైమింగ్ తప్పనిసరిగా చేయాల్సిన చోటు ఒకటుంది. అది మార్కెట్ క్యాలెండర్ చూసి కాదు, ఇంటి క్యాలెండర్ చూసి. అమ్మాయి ఎంఎస్‌కు వెళ్లేది 2028 ఆగస్టులో అని ఇప్పుడే తెలుసు. అమ్మానాన్నల రిటైర్మెంట్ తేదీ సర్వీసు పుస్తకంలోనే ఉంది. ఇంటికి డౌన్ పేమెంట్ కట్టాల్సిన నెల బిల్డర్ ముందే చెప్పాడు. మార్కెట్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు గానీ ఈ తేదీలు తెలుసు. రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదు. మార్కెట్ పడబోతోందని కాదు, పడితే ఆగే వీలు ఉండదని. ముందునుంచే ఏటా కొంత కొంత ఎఫ్‌డీకి మార్చుకుంటూ పోతే ఆ పనికి జ్యోతిష్యం అక్కర్లేదు. అప్పటికి మార్కెట్ బాగా పెరుగుతూ ఉంటుంది కాబట్టి "ఇంకో ఏడాది ఉంచితే ఎంతవుతుందో" అనిపిస్తుంది, చెయ్యి ఆగేది అక్కడే.

2020 జనవరిలో సెన్సెక్స్ 41,952 దగ్గర ముగిసి రికార్డు కొట్టింది. జూన్‌లో ఫీజు కట్టాల్సిన తండ్రి ఒకరు ఆ నెలలో అమ్మకుండా మార్చి దాకా ఆగారనుకోండి. మార్చి 23న అదే పోర్ట్‌ఫోలియో 38 శాతం తక్కువ. నవంబరుకు సెన్సెక్స్ పాత రికార్డును దాటేసింది. లాంగ్ టర్మ్ గ్రాఫులో ఆ పతనం ఇప్పుడు సన్నటి గీత, జూమ్ చేస్తే తప్ప కనిపించదు. కాలేజీ వాళ్లు మాత్రం ఫీజు గడువు జూన్ అనే పెట్టారు.